మా ఊరి నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎంతుందో ఎక్కడ టెస్ట్ చేయించాలి, ఎవరు సాయం చేస్తారు?

కనిగిరి కుర్రాడు:

అందరికీ నమస్తే. ఎక్కడ అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా, కనిగిరి దగ్గర చిన్న పల్లె, మూడొందల గడప ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మానాన్న, అక్క వాళ్ళు ఊళ్ళోనే. మొన్న వేసవిలో ఊరికి పోతే మా అక్క కూతురికి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళొచ్చాయి, ఎనిమిదేళ్ళ పిల్ల, నవ్వితే ముందు పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు, ఒక పంటి మీద సన్నగా గోధుమరంగు చార. నాకు నోట మాట రాలేదు. నావీ గారపళ్ళే, మా నాన్నవీ గారపళ్ళే, మా నాయనమ్మకి చివరి పదేళ్ళు నడుం బిగుసుకుపోయి మంచం మీద నుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సొచ్చేది. ఇదంతా బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ వల్లే అంటారు. కానీ ఈ పిల్ల పుట్టేనాటికే ఊళ్ళో ఆర్‌ఓ ప్లాంటు వచ్చేసింది, పుట్టిన దగ్గర్నుంచి ప్లాంటు నీళ్ళే తాగుతోంది. మరి దీనికి ఎట్టా వచ్చింది?

ప్లాంటు నడిపేవాళ్ళని అడిగితే జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి నీళ్ళల్లో పెట్టి 140 చూపించాడు, పంచాయతీ బోరు నీళ్ళల్లో పెడితే 1150 చూపించింది, చూడు ఎంత తేడా ఉందో మావి మంచినీళ్ళు అన్నాడు. అంతకుమించి ఏ రిపోర్టూ లేదు, ఎప్పుడైనా ల్యాబ్‌కి పంపారా అంటే ఆ ప్లాంటు పెట్టినప్పుడు పంపాం అన్నాడు.

ఇంకో సంగతి. ఊళ్ళో పంచాయతీ బోర్లు మూడు, ఒకటి 480 అడుగులు. నా చిన్నప్పుడు 150 అడుగుల్లో నీళ్ళుండేవి. చెరువు ఉంది కానీ పూడిపోయింది, పై నుంచి వచ్చే వాగు కాలువకి మధ్యలో కట్టలేసుకున్నారు, నాలుగేళ్ళకోసారి కూడా అలుగు పారట్లేదు. చెరువు కింద పాత మంచినీళ్ళ బావి ఉంది, ఇప్పుడు దాంట్లో చెత్త.

నా ప్రశ్నలు ఏంటంటే, నీళ్ళు నమ్మకంగా ఎక్కడ టెస్ట్ చేస్తారు, టీడీఎస్ తక్కువుంటే ఫ్లోరైడ్ కూడా తక్కువున్నట్టేనా, ఇట్టాంటి ఊళ్ళకి సాయం చేసే సంస్థలు ఏమున్నాయి, చెరువుకీ ఈ ఫ్లోరైడ్‌కీ ఏమైనా సంబంధం ఉందా. తెలిసినవాళ్ళు చెప్పండి, డబ్బులు కొంచెం నేను పెట్టుకోగలను, మా బ్యాచ్ వాళ్ళు ఓ పదిమంది కూడా ఇస్తామన్నారు.


సాయిరామ్ ఒంగోలు:

బ్రో ఇంట్లో మంచి ఆర్‌ఓ పెట్టించెయ్, లేదంటే కాచి తాగమను, సింపుల్.


ల్యాబ్ మాస్టారు:

సాయిరామ్ గారూ, కాచితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీరు ఆవిరైపోయి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. దయచేసి ఈ మాట ఎవరికీ చెప్పకండి, ఫ్లోరైడ్ ఊళ్ళల్లో చాలామంది కాచి తాగుతున్నాం కదా అని ధైర్యంగా ఉంటారు.

కుర్రాడు బాబూ, నేను నీళ్ళ ల్యాబుల్లో కెమిస్టుగా ఇరవయ్యేళ్ళకి పైగా చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైంది టీడీఎస్ సంగతి, అది ముందు చెప్తాను. ఆ పెన్ను మీటరు నీళ్ళల్లో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి మొత్తం లవణాలు ఇంత అని లెక్క చెప్తుంది అంతే. ఏ లవణం ఎంతుందో దానికి తెలీదు. లీటరుకి 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ ఉంటే అది చాలా ఎక్కువ, కానీ 1150 టీడీఎస్‌లో ఆ 3 ఎక్కడుంది? మీటరు పట్టుకోలేదు. 400 టీడీఎస్ ఉండి ఫ్లోరైడ్ 4 ఉన్న నీళ్ళు నేను చూశాను, తియ్యగా ఉంటాయి, ఊరంతా బాగున్నాయని తాగుతారు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు వాసన లేదు రుచి లేదు.

మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ 500, దారి లేకపోతే 2000. నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు, యూరియా ఎక్కువ వాడే ఊళ్ళల్లో, మరుగుదొడ్ల గుంతలు బోర్లకి దగ్గరున్నచోట అది కూడా తప్పకుండా చూడాలి.

టెస్టుకి ప్రైవేటు ల్యాబులకి పోనక్కర్లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖకి, అదే ఆర్‌డబ్ల్యూఎస్ అంటాం, జిల్లాల్లో, డివిజన్లలో సొంత ల్యాబులున్నాయి. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించాక ఈ ల్యాబులు మామూలు జనానికి కూడా తెరిచారు, నామమాత్రం ఫీజుతో ఎవరైనా బాటిల్ తీసుకెళ్ళి ఇవ్వొచ్చు. అదే పథకం కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకి ఫీల్డ్ టెస్ట్ కిట్టు వాడడం నేర్పించాలని కూడా ఉంది. మీ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి, కిట్టు బీరువాలో మూలుగుతూ ఉండొచ్చు, గడువు తేదీ చూసుకోండి, రీఏజెంట్లు పాతబడితే తప్పు రంగు చూపిస్తాయి. ఫ్లోరైడ్ కిట్టులో చుక్కలేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అది పసుపులోకి తిరుగుతుంది, పక్కన కార్డు పెట్టి పోల్చుకోవడమే.

శాంపిల్ పట్టడంలోనే సగం తప్పులు జరుగుతాయి. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ బాటిలే వాడాలి, గాజు వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. బోరు ఐదు నిమిషాలు ఆడనిచ్చి, అదే నీళ్ళతో బాటిల్ మూడుసార్లు కడిగి, లీటరు నింపి, మీద ఏ బోరో, ఎంత లోతో, తేదీ ఏంటో రాయండి. సూక్ష్మజీవుల టెస్టుకి మాత్రం ల్యాబ్ వాళ్ళిచ్చే శుద్ధి చేసిన సీసానే, దాన్ని కడక్కూడదు, ఐసు పెట్టెలో అదే రోజు చేర్చాలి. ఒక్క శాంపిల్ పంపి ఊరుకోకండి, మూడు బోర్లూ, ప్లాంటు నీళ్ళూ, ఆ పాత బావీ, అన్నీ పంపండి. బావి మాత్రం మర్చిపోవద్దు, ఎందుకో రిజల్టు వచ్చాక మాట్లాడుకుందాం.

పిల్ల సంగతికి వస్తే, ఒక్కటి అడుగుతాను, మీ ఇంట్లో అన్నం ఏ నీళ్ళతో వండుతారు?


కనిగిరి కుర్రాడు:

మాస్టారూ మీరు అడిగాక అమ్మకి ఫోన్ చేశా. తాగడానికే ప్లాంటు టిన్ను నీళ్ళంట, అన్నానికి, పప్పుకి, టీకి అన్నీ పంచాయతీ కుళాయి నీళ్ళే. టిన్ను నీళ్ళు రోజుకి ఒకటే తెచ్చుకుంటారు, వంటకి కూడా అవే అంటే రెండు మూడు మొయ్యాలి, మోసేది అమ్మే. అంగన్‌వాడీలో, బళ్ళో కూడా వంట బోరు నీళ్ళతోనే అంట. నాకసలు ఈ ఆలోచనే రాలేదు.


మర్రిగూడ అక్క:

తమ్ముడూ నీ పోస్టు చదివి నిద్ర పట్టలె. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు, ఆశా వర్కర్‌గా చేస్తున్న, ఫ్లోరైడ్ అంటే మాకు ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు, మా ఇండ్లల్లనే ఉంది. మా మేనమామ నలభై ఏండ్లకే మెడ తిప్పలేకపోయిండు, ఎనకకి చూడాలంటే మనిషి మనిషే తిరగాలె. చిన్నపిల్లలకు కాళ్ళు మోకాళ్ళ కాడ లోపలికి వంగిపోయేటివి. హైదరాబాద్ పోషకాహార సంస్థ డాక్టర్లు 1973ల్నే మా జిల్లా పిల్లల వంకర కాళ్ళ గురించి పెద్ద మెడికల్ పత్రికల రాసిన్రట, అంటే ఎప్పటి సంది తెలుసో చూడు.

మా దగ్గర నీళ్ళ కోసం కొట్లాడింది మామూలుగ కాదు. జల సాధన సమితి అని దుశర్ల సత్యనారాయణ సారు పెట్టిండు, 1996 పార్లమెంటు ఎలక్షన్ల నల్లగొండ సీటుకు 480 మంది పోటీల ఉన్నరు, గెలుస్తమని కాదు, మా నీళ్ళ గోస దేశానికి తెల్వాలని నామినేషన్లు ఏసిన్రు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది. అంశాల స్వామి అన్న పేరు ఇన్నవా, ఫ్లోరోసిస్, అదే ఈ ఫ్లోరైడ్ జబ్బుతోని ఒళ్ళంత వంకరపోయినా మీటింగులకు తిరిగి తిరిగి మాట్లాడేటోడు, 2023 జనవరిల చనిపోయిండు. ఇప్పుడు మిషన్ భగీరథల కృష్ణ నీళ్ళు వస్తున్నయి, పుట్టే పిల్లలకు మేలు, కానీ అప్పటికే వంగిన ఎముక మళ్ళ సక్కగ కాదు కద తమ్ముడూ. అందుకే చెప్తున్న, నీ అక్క బిడ్డకు పళ్ళు వచ్చేసినయి, ఆ మచ్చలు కడిగితే పోవు, కానీ ఆమె తర్వాత ఇంట్ల ఎవరన్న చిన్నోళ్ళు ఉన్నరా? పళ్ళు చిగురు లోపల తయారయ్యేది ఎనిమిదేండ్ల లోపట, ఆ వయసుల మంచి నీళ్ళు దొరికితే పళ్ళు బాగుంటయి. కడుపుతోటి ఉన్నోళ్ళకు కూడ జాగ్రత్త. మాస్టారు చెప్పింది నూరు పాళ్ళు నిజం, మా ఊర్ల కూడ మొదట్ల తాగేటందుకే మంచినీళ్ళు తెచ్చుకునేటోళ్ళం, అన్నం ఉడికితే ఆ నీళ్ళన్ని అన్నంలకే పోతయి కద, పప్పుల గట్లనే. నేను ఇల్లిల్లు తిరిగి చెప్పేది ఇదే, తాగుడుకు, వంటకు రెంటికీ అవే నీళ్ళు.

తిండి సంగతి కూడ చెప్త. పాలు, పెరుగు, రాగి జావ, మునగాకు, కాల్షియం ఉండే తిండి ఎక్కువ పెట్టాలె, ఉసిరి, జామ, నిమ్మ పెట్టాలె. కాల్షియం తక్కువున్న పిల్లలకే ఫ్లోరైడ్ ఎక్కువ దెబ్బ కొడ్తది. చింతపండు మీద కూడ అదే పోషకాహార సంస్థ వాళ్ళు పరీక్ష చేసిన్రు, చింతపండు తిన్న పిల్లలకు మూత్రంల ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయిందట. పచ్చిపులుసు మానుకోకున్రి. చాయ్ మాత్రం పిల్లలకు పోయొద్దు, తేయాకులనే ఫ్లోరైడ్ ఉంటది.

నీళ్ళు ఇంట్లనే బాగు చేసుకునే పద్ధతి ఒకటుంది, మా జిల్లా పేరే పెట్టిన్రు, నల్లగొండ టెక్నిక్ అంటరు, నాగపూర్ నీరి సంస్థ వాళ్ళు తయారు చేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ ఏసి కలిపి తేరనిచ్చి వడగట్టుడు. చెప్పుకునేటందుకు మంచిగనే ఉంటది, రోజూ కొలత ప్రకారం ఎయ్యాలె, ఫ్లోరైడ్ ఎంతుందో తెల్వకుండ ఏస్తే పటిక నీళ్ళల్లనే మిగుల్తది. మా దగ్గర ఎక్కువ రోజులు నడవలె.


కనిగిరి కుర్రాడు:

అక్కా, మా అక్కకి చిన్న బాబు కూడా ఉన్నాడు, ఏడాదిన్నర. మీరు అడిగింది చదివి వెంటనే ఫోన్ చేసి వంటకి కూడా టిన్ను నీళ్ళే వాడమని చెప్పా, రోజుకి ఇంకో రెండు టిన్నులు ఇంటికే తెచ్చివ్వడానికి ఒక ఆటో అతన్ని మాట్లాడా. శాంపిళ్ళు వచ్చే ఆదివారం నేనే వెళ్ళి పడతా.


కళ్యాణదుర్గం రైతు:

నమస్కారం. నేను అనంతపురం జిల్లా రైతును, చెరువుకూ ఫ్లోరైడుకూ సంబంధం ఉందా అని ఆ తమ్ముడు అడిగినాడు కదా, దానికి నాకు తెలిసింది చెప్తా.

మన సీమలోనూ, ప్రకాశంలోనూ, నల్లగొండలోనూ కింద ఉండేది గ్రానైటు రాయి. ఫ్లోరైడు ఎవురో కలిపింది కాదు, రాతిలోనే ఉంది, నీళ్ళు రాతి సందుల్లో ఎన్నేండ్లు నిలిస్తే అంత కరిగి దిగుతాది. పైన ఇరవై ముప్పై అడుగుల్లో ఉండేది ఈ ఏటి వాన నీళ్ళు, ఐదారొందల అడుగుల్లో ఉండేది ఎప్పటివో ముసలి నీళ్ళు. మనం పైనీళ్ళు అన్నీ తోడేసి లోతుకు పోయేకొద్దీ ఆ ముసలి నీళ్ళే తాగుతాండాము. చెరువు నిండితే కింద బావుల్లో కొత్త నీళ్ళు ఊరతాయి, ఫ్లోరైడు పలచబడతాది. అందుకే ఆ మాస్టారు పాత బావిని మర్చిపోవద్దు అన్నింటారు.

ఇప్పుడు సంస్థల సంగతి. 2003లో మా జిల్లాలో ఏపీఫ్యామ్స్ అని ఒక ప్రాజెక్టు వచ్చె, రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పద్ధతి, ముందు నెదర్లాండ్స్ డబ్బు, తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ వాళ్ళు. నంద్యాల బర్డ్స్ సంస్థ ముందుండి నడిపె, ఏడు కరువు జిల్లాల్లో చేసినారు, మీ ప్రకాశం కూడా దాంట్లో ఉండె, కాబట్టి మీ మండలంలో పెద్దవాళ్ళను ఇచారిస్తే దాంట్లో పనిచేసినోళ్ళు దొరకొచ్చు. వాళ్ళు మాకు బోర్లు వెయ్యలే, సబ్సిడీ ఇయ్యలే, మోటార్లు ఇయ్యలే. నేర్పించింది ఒకటే, కొలవడం. ఊళ్ళో రెయిన్ గేజి పెట్టుకోని ఎంత వాన పడిందో రాసుకునేది, పదైదు రోజులకోసారి కొన్ని బోర్లలో టేపు వేసి నీళ్ళు ఎంత లోతులో ఉండాయో చూసేది, బోరు గంటకు ఎన్ని నీళ్ళు పోస్తాందో చూసేది, అంతా ఊరి గోడ మీద రాసేది. నేను ఆరో తరగతి దాకనే చదివినా, మా ఊళ్ళో ఆడోళ్ళు కొందరు అదీ లేదు, అయినా అందరం నేర్చుకున్నాము.

రబీకి ముందు అందరూ కూర్చోని పంట నీటి బడ్జెట్ వేసేది. కింద ఇంత నీళ్ళుండాయి, అందరూ అనుకున్న పంటలు పెడితే ఇంత కావాల, తక్కువ పడతాది. వరికి 1200 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు కావాల, శెనక్కాయకు దాంట్లో సగం కూడా అక్కర్లే. ఎవురూ నువ్వు వరి పెట్టొద్దు అని చెప్పరు, లెక్క గోడ మీద కనపడతాంటే ఎవురికి వాళ్ళకే తెలుస్తాది. నేను ఆ ఏడే రెండెకరాల వరి మానుకున్నా, మా అన్న మానలే, ఫిబ్రవరికే ఆయప్ప బోరు గాలి పట్టె. ప్రాజెక్టు అయిపోయినాక కొన్ని ఊళ్ళు రాయడం ఆపేసినాయి, అది నాకు ఇప్పటికీ బాధ. ఏ సంస్థనైనా పిలిచేటప్పుడు మీరు పోయినాక ఇది ఎవురు చూసుకుంటారు అని మొదటి రోజే అడగండి తమ్ముడూ.

ఇప్పుడు పనిచేస్తాండేవాళ్ళలో హైదరాబాద్ వాసన్ అని ఉంది, నాలుగైదు మంది రైతుల బోర్లు పైపులతో కలిపి అందరూ పంచుకునేట్లు చేయించినారు, కొత్త బోర్లు వెయ్యకుండా. మా జిల్లాలో ఆర్డీటీ అనే ట్రస్టు ఉంది, 1969 నుంచి, చెక్‌డ్యాములూ చెరువులూ బాగా కట్టించినారు. యాక్షన్ ఫ్రాటర్నా అనే సంస్థ కూడా. మంచినీళ్ళకైతే తొంభైల మధ్యలో సత్యసాయి ట్రస్టు వాళ్ళు మా జిల్లాలో ఏడొందలకు పైన ఊళ్ళకు పైపులు వేసినారు, అది మా అమ్మ బతికున్నంత కాలం తలుచుకుంటాండె.

ఇంకోటి, మీ పంచాయతీ బోరు పక్కన ఎవురైనా కొత్తగా పొలం బోరు వేస్తే ఊరుకోవద్దండి. 2002 వాల్టా చట్టం, అదే నీళ్ళూ భూమీ చెట్లను కాపాడే చట్టం ఉంది, ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా వెయ్యకూడదు. తాసిల్దారుకు రాసిస్తే ఆపాల.


హన్మకొండ శ్రీను:

మా వైపు కాజీపేటలో బాలవికాస అని ఉంది, 1991 నుంచి పనిచేస్తున్నారు. ఊరి వాటర్ ప్లాంటు పెట్టేటప్పుడు మొత్తం వాళ్ళే ఇవ్వరు, ఊరోళ్ళు ముందు కొంత వాటా కట్టి కమిటీ పెట్టుకుంటేనే వస్తారు, అందుకే మా ఊళ్ళో ప్లాంటు ఇంకా నడుస్తోంది, ఫిల్టరు మార్చడానికి బ్యాంకులో డబ్బు ఉంటుంది. చెరువు పూడిక కూడా తీయిస్తారు, మట్టి ట్రాక్టర్ల ఖర్చు రైతులే పెట్టుకోవాలి, పొలానికి ఎరువు కాబట్టి పెట్టుకుంటారు. పదిమంది ఫ్రెండ్సు డబ్బులిస్తామన్నారు కదా, మొత్తం మీరే పెట్టకండి బ్రదర్, ఊరు ఒక్క రూపాయైనా పెట్టకపోతే అది ఊరిది అవ్వదు.

మీ ప్లాంటు వేస్ట్ నీళ్ళు డ్రైనేజీలోకి పోతుంటే ఒక ఇంకుడు గుంత తవ్వి దాంట్లోకి వదలండి, భూమిలోకి అయినా పోతాయి.


ల్యాబ్ మాస్టారు:

శ్రీను గారూ మిగతాదంతా చక్కగా చెప్పారు, చివరి మాట మాత్రం వద్దు. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ని మాయం చెయ్యదు, పక్కకి తోస్తుంది. బోరు నీళ్ళల్లో 3 ఉండి సగం నీళ్ళు వేస్టుగా పోతే ఆ వేస్టులో దాదాపు 6 ఉంటుంది. దాన్ని ఇంకుడు గుంతలో పోస్తే అదే బోరులోకి మళ్ళీ పంపినట్టు, పోను పోను చిక్కబడుతుంది. బట్టలు ఉతకడానికి, మరుగుదొడ్లకి, గోడ కట్టుబడికి వాడుకోండి. గేదెలకి కూడా పెట్టొద్దు, ఫ్లోరోసిస్ పశువులకీ వస్తుంది. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించి రాసింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచే, కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అంటే కుర్రాడు బాబు వాళ్ళ ముత్తాతల కాలం నుంచి ఉన్న సంగతి.

ఇంకుడు గుంతలోకి పోవాల్సింది వాన నీళ్ళు మాత్రమే. అది కూడా తాగునీటి బోరు పక్కన అయితే పొలం మీంచి పారే నీళ్ళు కాదు, వాటిల్లో పురుగుమందులు, పేడ ఉంటాయి.


వాననీటి వాణి:

నేను ఆర్కిటెక్టుని, వాన నీళ్ళు పట్టుకునే పని మీద పదేళ్ళుగా తిరుగుతున్నా. అందరూ బోరు, ప్లాంటు, చెరువు అంటున్నారు, నెత్తి మీద పడేదాని సంగతి ఎవరూ అనట్లేదని రాస్తున్నా. వాన నీళ్ళల్లో ఫ్లోరైడ్ దాదాపు ఉండదండీ! ఫ్లోరైడ్ ఊరికి ఇంతకన్నా మంచి తాగునీళ్ళు లేవు.

లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ ఇంటి స్లాబు 100 చదరపు మీటర్లు అనుకుందాం, మీ వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 60,000 లీటర్లు పడుతుంది, కారింది ఆవిరైంది తీసేస్తే 48,000 చేతికొస్తాయి. ఐదుగురున్న ఇంటికి తాగడానికి వంటకి కలిపి రోజుకి 25 లీటర్లు చాలు, ఎనిమిది నెలలు వాన లేకపోయినా 6,000 లీటర్లు. అంటే 6,000 లీటర్ల ట్యాంకు ఒకటి కట్టుకుంటే మీ అమ్మగారు టిన్ను మొయ్యక్కర్లేదు.

జాగ్రత్తలు ఉన్నాయి. స్లాబు వానలకి ముందు ఊడ్చి కడగాలి, మొదటి వాన నీళ్ళు బయటికి వదిలెయ్యాలి, దానికి పైపుకి పక్కన ఇంకో పైపు మూత పెట్టి ఉంచితే చాలు. ఇసుక, కంకర, బొగ్గు ఫిల్టరు, ట్యాంకులోకి వెలుతురు పోకూడదు, వెలుతురు పోతే నాచు పడుతుంది, దోమ పోకుండా జాలీ. తాగే ముందు కాచుకోవచ్చు, వీటికి కాచడం పనికొస్తుంది. అంగన్‌వాడీ, బడి బిల్డింగులకి స్లాబులు పెద్దవి ఉంటాయి, మీరు పదిమంది ఫ్రెండ్సు డబ్బు పెట్టాలనుకుంటే నా ఉద్దేశం అక్కడ పెట్టండి, పిల్లల మధ్యాహ్నం అన్నం ఆ నీళ్ళతో ఉడుకుతుంది. గుజరాత్ ఆనంద్‌లో ఇన్‌రెమ్ ఫౌండేషన్ అని ఫ్లోరైడ్ మీదే పనిచేసే సంస్థ ఉంది, నీళ్ళూ తిండీ రెండూ కలిపి చూస్తారు, వాళ్ళకి రాయండి. మీరు ఉండే హైదరాబాద్‌లోనే బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది, చెత్తతో పూడిపోయిన బావిని రెయిన్‌వాటర్ ప్రాజెక్టు వాళ్ళు, మున్సిపాలిటీ కలిసి లారీలకి లారీలు చెత్త తీసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. ఒక ఆదివారం మీ ఊరి కుర్రాళ్ళని తీసుకెళ్ళి చూపించండి, మీ బావి గురించి మీరు వేరే చెప్పక్కర్లేదు.


కనిగిరి కుర్రాడు:

రిజల్ట్స్ వచ్చాయి, ఇవాళే. 480 అడుగుల బోరు ఫ్లోరైడ్ 3.4, మిగతా రెండు బోర్లు 2.9, 2.2. ప్లాంటు నీళ్ళు 0.4. పాత బావి 0.9! మాస్టారూ మీకు ముందే తెలుసు కదా. కానీ బావిలో సూక్ష్మజీవులు ఉన్నాయని రాశారు, నైట్రేట్ 38.

ఆ కాగితం తీసుకుని మా నాన్న దగ్గర కూర్చుంటే ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అన్నాడు, వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, ఆ బావి నీళ్ళు తాగినన్నాళ్ళు బాగానే ఉందంట, 80ల్లో చేతిపంపు ఇంటి ముందు వేశాక బావికి పోవడం మానేశారంట, పంపు నీళ్ళు దగ్గరే కదా అని. ఆమెకి నడుం పట్టేసింది ఆ తర్వాతే.


ల్యాబ్ మాస్టారు:

0.9 మంచి అంకె బాబూ. నైట్రేట్ 38 అంటే హద్దుకి దగ్గర్లో ఉంది, బావి చుట్టూ పెంటదిబ్బలు ఉంటే ముందు అవి తీయించండి. బావి పూర్తిగా తోడించి, పూడిక తీసి, గట్టు కట్టి, మీద జాలీ వెయ్యండి. తర్వాత బ్లీచింగు, మంచి బ్లీచింగు పౌడరు అయితే 1000 లీటర్లకి 2.5 గ్రాములు సుమారుగా, బకెట్లో పేస్టులా కలిపి, సున్నం అడుక్కి దిగనిచ్చి, పైన తేట మాత్రమే బావిలో పొయ్యండి. గంట ఆగి క్లోరిన్ చూడాలి, లీటరుకి 0.5 మిల్లీగ్రాములు రావాలి. ఆ తర్వాత మళ్ళీ సూక్ష్మజీవుల టెస్టు, అది బాగుందని కాగితం వచ్చేదాకా ఎవర్నీ తాగనివ్వకండి. ఇంకో ముఖ్యమైన మాట, ఈ 0.9 ఈ నెలది. వానల తర్వాత నవంబర్‌లో ఒకసారి, మళ్ళీ మే నెలలో బావి అడుగంటినప్పుడు ఒకసారి చూడండి. మేలో కూడా 1.5 లోపు ఉంటే అప్పుడు ఊరికి చెప్పండి.


కళ్యాణదుర్గం రైతు:

తమ్ముడూ బావి అడుగు కొలతలు ఇప్పట్నుంచే రాయి, గట్టు మీద నుంచి నీళ్ళ దాకా ఎన్ని అడుగులో, పదైదు రోజులకోసారి. చెరువు నిండిన ఏడు, నిండని ఏడు తేడా కాగితం మీద కనపడితే ఆ వాగు కాలువకు కట్టలేసినోళ్ళతో మాట్లాడడం తేలిక. కొట్లాటకు పోవద్దు, ఆ కాగితం తీసుకోని పో.


కనిగిరి కుర్రాడు:

సరే అన్నా, నోట్‌బుక్ కొన్నా, మా అక్క రాస్తానంది. మొన్న పంచాయతీలో గ్రామ నీటి కమిటీ ఉందా అని అడిగితే పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి కానీ సగం మందికి వాళ్ళు మెంబర్లని తెలీదు, మా పెద్దమ్మ పేరు కూడా ఉంది దాంట్లో. ఆమెకీ ఇంకో నలుగురు ఆడవాళ్ళకీ కిట్టు నేర్పించడానికి ఆర్‌డబ్ల్యూఎస్ నుంచి ఒకాయన వస్తానన్నారు, శుక్రవారం. అంగన్‌వాడీ స్లాబు కొలిచా, 62 చదరపు మీటర్లు, వాణి గారూ మీకు ఫోటోలు పంపిస్తా, ట్యాంకు ఎంతది కట్టాలో చెప్పండి, పిల్లలు 24 మంది. వానలు మొదలయ్యేలోపు పైపులైనా బిగించాలని చూస్తున్నాం. మే నెల రిజల్టు వచ్చాక మళ్ళీ ఇక్కడే రాస్తా.